పర్లాకిమిడి మాస్టారి ప్రశ్నకు జవాబు: పాప గుండె ఆపరేషన్‌కు కార్డు సరే, మిగతా ఖర్చు ఎవరిది?

మాస్టారూ, మీరు ఒకే ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగారు. మీ వీధిలో ఉంటున్న సవర గిరిజన దంపతుల మూడేళ్ల పాపకు అంగన్‌వాడీలో పరీక్ష చేసిన బృందం గుండెలో రంధ్రం ఉందేమోనని రాసి పంపింది. ఒడిశా ఆరోగ్య బీమా కార్డుతో విశాఖపట్నంలో వైద్యం దొరుకుతుందా అన్నది ఒకటి. మహేంద్రతనయ నది అవతల ఆంధ్రలోని పాతపట్నంలో ఉన్న మీ బావమరిది కుటుంబానికి ప్రభుత్వ బీమాలో 25 లక్షల పరిమితి ఉంటే ఇవతల మీ వాళ్లకు 5 లక్షలే ఉంది, ఇదెక్కడి న్యాయం అన్నది రెండోది. అమెరికాలో పిల్లలకు వేరే బీమా ఉందని మీ తమ్ముడు చెప్పాడట, మనకెందుకు లేదన్నది మూడోది. రేషన్ కార్డు లేని మీ పిల్లల సంగతి ఏమిటని చివర్లో ఒక్క వాక్యంలో అడిగి వదిలేశారు. నేను బరంపురంలో పుట్టినవాణ్ణి. ఆసుపత్రుల్లో పథకం కౌంటరులోనూ, తర్వాత క్లెయిముల (ఆసుపత్రులు పథకానికి పంపే బిల్లుల) పరిశీలనలోనూ పనిచేశాను. వైద్యుణ్ణి కాను కాబట్టి జబ్బు గురించి కన్నా కాగితాలు, డబ్బు గురించే నా మాటను లెక్కలోకి తీసుకోండి.

ముందు పాప సంగతి. అంగన్‌వాడీకి వచ్చింది రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం. 2013 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో మొదలైన కార్యక్రమం అది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను చూడాలి. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లాలి. వాళ్లు ఇచ్చిన రెఫరల్ చీటీని చిత్తు కాగితంలా చూడవద్దు. ఆ చీటీతో జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీకి (పిల్లల లోపాలను ముందే గుర్తించి చూసే కేంద్రానికి) వెళితే పాప పేరు రికార్డులోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి ఎకో పరీక్షకు (గుండె స్కానింగుకు) పంపడం, ఆపరేషన్ అవసరమైతే ఆ ఖర్చు భరించడం కూడా ఈ కార్యక్రమం పరిధిలోనివే. అంటే కార్డుతో సంబంధం లేకుండానే పాపకు ఒక దారి ఉంది. చాలామందికి ఇది తెలియక నేరుగా కార్డు పట్టుకుని పెద్ద ఆసుపత్రికి పరుగెత్తుతారు.

రంధ్రం అనగానే ఆపరేషన్ అనుకోనక్కర్లేదు. చిన్నవి కొన్ని వాటంతట అవే మూసుకుపోతాయి, కొన్నింటిని కోత లేకుండా పరికరంతో మూస్తారు. కానీ పెద్ద రంధ్రాన్ని ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి, ఒక దశ దాటాక ఆపరేషనే కుదరదంటారు. అందుకని ఎకో ఆలస్యం కాకూడదు. అది తేలేదాకా మిగతా చర్చంతా పక్కన పెట్టవచ్చు.

ఇక విశాఖ. ఒడిశాలో 2018 ఆగస్టు 15 నుంచి బిజు స్వాస్థ్య కల్యాణ యోజన నడిచింది. కుటుంబానికి 5 లక్షలు, ఆడవాళ్లకు 10 లక్షల దాకా. అప్పట్లో రాష్ట్రం వెలుపల ఒప్పందం ఉన్న కొన్ని ఆసుపత్రుల్లోనే ఆ కార్డు పనిచేసేది. 2025 జనవరిలో రాష్ట్రం కేంద్ర ఆరోగ్య బీమా పథకమైన ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. ఏప్రిల్ 11న కటక్‌లో ఆయుష్మాన్ భారత్‌ను, రాష్ట్ర పథకమైన గోపబంధు జన ఆరోగ్య యోజనను కలిపి ప్రారంభించారు. కుటుంబానికి 5 లక్షలు, ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు. కాబట్టి పాపకు మీరన్న 5 లక్షలే కాదు, ఆడపిల్ల గనుక అదనపు పరిమితి కూడా వర్తిస్తుంది. అంతకన్నా మన సరిహద్దు వాళ్లకు ఎక్కువ పనికొచ్చే మార్పు ఏమిటంటే, ఆయుష్మాన్ కార్డు దేశంలో ఎక్కడి నెట్‌వర్క్ ఆసుపత్రిలోనైనా (పథకం జాబితాలో ఉన్నదానిలో) చెల్లాలి. వైద్యం విశాఖలో జరిగినా బిల్లు కట్టాల్సింది ఒడిశా.

చెల్లాలి అన్నాను, ఊరికే చెల్లుతుంది అనలేదు. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర పథకంలో ఉన్న ప్రతి ఆసుపత్రి ఆయుష్మాన్ జాబితాలో ఉంటుందని అనుకోవద్దు. జాబితాలో ఉన్నా పిల్లల గుండె విభాగానికి అనుమతి ఉందో లేదో వేరుగా చూడాలి. పక్క రాష్ట్రం కార్డు అనగానే మొహం చిట్లించే కౌంటర్లు నాకు తెలుసు, ఎందుకో కూడా తెలుసు. సొంత రాష్ట్రం బిల్లు ఆలస్యమైతే వెళ్లి అడగవచ్చు. భువనేశ్వర్ నుంచి రావాల్సిన డబ్బు కోసం విశాఖ ఆసుపత్రి గుమస్తా ఎవరిని అడుగుతాడు? అందుకే బయల్దేరే ముందే ఆసుపత్రిలో పథకం సాయానికి ఉండే ఆయుష్మాన్ మిత్రతో ఫోన్లో మాట్లాడి, కార్డు నంబరు చెప్పి, ఫలానా చికిత్సకు తీసుకుంటారా అని అడగండి. లేదంటే కారణం చెప్పమనండి. జాబితాలో ఉండి కూడా కుదరదన్నా, పైన డబ్బు కట్టమన్నా 14555కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఫిర్యాదు నంబరు ఉందని చెప్పగానే మాట తీరు మారడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకో దారి ఉంది, మన వైపు చాలామంది దాని గురించి ఆలోచించరు. నవా రాయ్‌పూర్‌లోని శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో పిల్లల గుండె ఆపరేషన్లు పూర్తిగా ఉచితం. అక్కడ బిల్లు కౌంటరే ఉండదు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్‌కు రైలు మార్గం ఉంది. ముందుగా రిపోర్టులు పంపి తేదీ తీసుకోవాలి, వరుసలో ఆగాలి. అత్యవసరం కాని కేసుకు ఇది మంచి దారి.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ కుటుంబం కార్డులో పాప పేరు ఉందా? సరిహద్దులో పిల్లలు పథకాల నుంచి జారిపోయేది సాధారణంగా ఇక్కడే. తల్లి అవతలి రాష్ట్రం నుంచి వచ్చి ఉంటుంది. ఆమె పేరు ఇంకా పుట్టింటి రేషన్ కార్డులోనే ఉంటుంది. మొదటి పురిటికి పుట్టింటికి వెళుతుంది, బిడ్డ జననం అక్కడ నమోదవుతుంది. తండ్రి కార్డు ఇవతల. బిడ్డ పేరు అటూ ఉండదు, ఇటూ ఉండదు. పైగా పేరు రాసే తీరులో తేడా: మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా ఫారంలో అది చివరికి పోతుంది. ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా ఉంటే కంప్యూటర్ ఇద్దరు వేర్వేరు మనుషులని తేలుస్తుంది. మీరు బడి మాస్టారు కనుక ఈ పని మీ చేతుల్లో తేలిగ్గా అవుతుంది: జనన ధ్రువపత్రం ఎక్కడ పుడితే అక్కడిదే తెచ్చుకోవాలి, అది ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది, ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు లేకుండానే బాల ఆధార్ ఇస్తారు, తల్లి పేరు పుట్టింటి కార్డు నుంచి తీయించి ఇక్కడి కార్డులో తల్లీబిడ్డల పేర్లు ఒకేసారి ఎక్కించండి. ఫోన్ నంబరు మాత్రం వాళ్లదే ఇవ్వండి, ఏజెంటుది వద్దు. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కల ఆడిటరు) నివేదికలో, వరుసగా పది తొమ్మిదులున్న ఒకే ఫోన్ నంబరుకు సుమారు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులు ముడిపడి ఉన్నట్టు బయటపడింది. అలా రాసిన కార్డుకు సందేశం ఎవరికి చేరుతుంది?

పాత పథకం కన్నా ఒక విషయంలో మనం మెరుగుపడ్డామని మాత్రం ఒప్పుకోవాలి. 2008లో వచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనలో ఏడాదికి 30,000 రూపాయలు, కుటుంబంలో ఐదుగురికి మాత్రమే. ఆరో మనిషి ఉంటే ఎవరిని వదలాలో ఇంట్లోనే తేల్చుకోవాలి. ముసలమ్మనో చివరి ఆడపిల్లనో వదిలేసేవారు. 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్‌లో కుటుంబ సభ్యుల సంఖ్యకు, వయసుకు పరిమితి తీసేశారు. పిల్లల విషయంలో 5 లక్షల అంకె కన్నా నాకు ఈ సవరణే పెద్దదిగా కనిపిస్తుంది.

25 లక్షలు, 5 లక్షల సంగతికి వద్దాం. మీ బావమరిదిగారి 25 లక్షలు 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పెంచిన పరిమితి. అదే నెలలో తెలంగాణ 10 లక్షలు చేసింది. మహారాష్ట్ర 2024 జులై నుంచి అన్ని కుటుంబాలకూ 5 లక్షలు చేసింది. ఈ అంకెలను బ్యాంకు ఖాతాలో నిల్వలా చూడకండి. ఇది పైకప్పు ఎత్తు మాత్రమే. ఇంట్లో సామాను ఎంతుందో అది చెప్పదు. ఆయుష్మాన్ ఆరంభంలో 5 లక్షల హామీకి కేంద్రం పెట్టుకున్న అంచనా కుటుంబానికి ఏడాదికి 1,052 రూపాయలు. ఇందులో కేంద్రం వాటా 60 శాతం, అంటే సుమారు 631; మిగతా 421 రాష్ట్రానిది. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకైతే 90:10. వెయ్యి రూపాయలతో 5 లక్షల హామీ ఎలా నిలుస్తుంది? చాలా కుటుంబాలకు ఆ ఏడాది ఆసుపత్రిలో చేరాల్సిన పని పడదు గనుక. వాళ్ల వెయ్యి, అవసరం పడినవాళ్లకు వెళుతుంది. బీమా అంటేనే అది, అందులో తప్పు లేదు.

అవసరం పడని వాళ్ల డబ్బు అవసరం పడిన వాళ్లకు పోతే న్యాయమే. అవసరం పడి కూడా ఆసుపత్రికి చేరలేని వాళ్ల డబ్బు, చేరగలిగిన వాళ్లకు పోతే? మీ జిల్లాలోనే గుమ్మా, నువాగడ కొండల్లోని సవర గూడెం మీద కూడా అదే వెయ్యి లెక్క కట్టారు. కానీ అక్కడి బిడ్డకు నిమ్మొచ్చి ఊపిరి ఎగబోస్తుంటే దగ్గర్లో నెట్‌వర్క్ ఆసుపత్రి లేదు, పిల్లల వైద్యుడు లేడు. క్లెయిము పుట్టదు. క్లెయిము పుట్టని చోటికి డబ్బు రాదు. డబ్బు రాని చోట ఎవరూ ఆసుపత్రి పెట్టరు. భువనేశ్వర్‌లో ఆసుపత్రులున్నాయి కనుక క్లెయిములు పుడతాయి, డబ్బు చేరుతుంది, ఇంకో ఆసుపత్రి లేస్తుంది. బీమా కంపెనీకి ప్రీమియం కట్టినా, రాష్ట్ర ట్రస్టు నేరుగా బిల్లులు చెల్లించినా ఈ వరస మారదు. ట్రస్టు పద్ధతిలో కేంద్రం ఇచ్చేది అయిన ఖర్చులో వాటా, అదీ గరిష్ఠ పరిమితి దాటకుండా. ఖర్చు చేయలేని జిల్లా తరఫున అడిగేదే ఉండదు. మీరు 25 లక్షలు ఎందుకు కావని అడుగుతున్నారు. పోయినేడాది మీ జిల్లా పిల్లల పేరిట వచ్చిన క్లెయిములు ఎన్ని, అందులో గుమ్మా, మోహనా వైపు పిల్లలు ఎందరు అని నేను అడుగుతాను. ఈ లెక్క జిల్లాల వారీగా, వయసుల వారీగా బోర్డు మీద పెట్టమని అడిగితే, పరిమితి పెంచమని అడగడం కన్నా అధికారులు ఎక్కువ ఇబ్బంది పడతారు.

ఇంకో ఉదాహరణ, ఎందుకంటే గుండె ఆపరేషన్ కథ కార్డుకు అనుకూలంగా ఉంటుంది: ఒకసారి చేరిక, ఒక ప్యాకేజీ, డిశ్చార్జి. వంకర పాదాలతో పుట్టిన బిడ్డను తీసుకోండి. కోత దాదాపు అక్కర్లేని వైద్యం. వారానికొకసారి పాదాన్ని కొద్దికొద్దిగా సరిచేసి పిండికట్టు వేస్తారు, ఐదారు వారాలు పడుతుంది. మడమ వెనక స్నాయువుకు చిన్న గాటు పెడతారు. తర్వాత ప్రత్యేకమైన బూట్లు, మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగైదేళ్ల వయసు వచ్చేదాకా రాత్రిళ్లు. వైద్యం ఖర్చు స్వల్పం. కానీ ప్రతి వారం తల్లి బిడ్డను ఎత్తుకుని కొండ దిగాలి, తండ్రి కూలి మానాలి, జీపు మాట్లాడుకోవాలి. రెండు వారాలు మానేస్తే చేసిందంతా వెనక్కి పోతుంది. ఆసుపత్రిలో చేరిక లేదు కనుక కార్డులో ఈ ఖర్చుకు గడి లేదు. కొడవలి కణాల రక్తహీనత (సికిల్ సెల్) ఉన్న పిల్లలదీ ఇదే బాధ. 2023 జులై 1న కేంద్రం దాని నిర్మూలనకు జాతీయ మిషన్ ప్రకటించింది, పరీక్షలు జరుగుతున్నాయి. కానీ ఆ బిడ్డకు కావాల్సింది ఏళ్ల తరబడి రోజూ మాత్ర, క్రమం తప్పని రక్తపరీక్ష. నొప్పితో మెలికలు తిరుగుతూ చేరినప్పుడు కార్డు పలుకుతుంది. నొప్పి రాకుండా చూసే మాత్ర దగ్గర పలకదు.

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తెలుగువాళ్లతో మాట్లాడితే ఇదే మాట వింటారు. మహారాష్ట్ర తన బీమా పథకాన్ని 2012 జులైలో తొలి విడతగా తెచ్చిన ఎనిమిది జిల్లాల్లో గడ్చిరోలి, నాందేడ్ ఉన్నాయి. కార్డు ముందు వరసలోనే వచ్చింది. జిల్లా కేంద్రం మాత్రం సిరొంచకు సుమారు 200 కిలోమీటర్ల దూరంలోనే ఉండిపోయింది. నది దాటి తెలంగాణ వైపు రావడమే వాళ్లకు సుళువు. ఇంతకీ ఆ జిల్లాలో పసిపిల్లల ప్రాణాలు నిలిపిన పెద్ద పని బీమాతో జరగలేదు. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊళ్లలోని ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ వెళ్లి నవజాత శిశువులను చూసుకునే పద్ధతి పెట్టారు. అప్పుడే పుట్టిన పిల్లల మరణాలు ఆ ఊళ్లలో 60 శాతానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 2011 నుంచి దేశమంతా ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి పసిబిడ్డను చూసే కార్యక్రమం దాని నుంచి వచ్చిందే. నలభై రెండు రోజుల్లో ఆరేడు సార్లు తిరిగినందుకు ఆశాకు ఇచ్చేది 250 రూపాయలు. పరిమితి 5 లక్షలా 25 లక్షలా అని పోట్లాడుకునే మనం ఈ 250 గురించి ఎప్పుడైనా పోట్లాడామా?

మీ తమ్ముడు చెప్పింది నిజమే. అమెరికాలో 1997లో పిల్లల ఆరోగ్య బీమా కార్యక్రమం పెట్టారు. పేదల పథకమైన మెడికెయిడ్‌కు అర్హత లేనంత ఆదాయం, ప్రైవేటు బీమా కొనలేనంత ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు అది. రాష్ట్రాలు నడుపుతాయి, కేంద్రం మెడికెయిడ్ కన్నా ఎక్కువ వాటా ఇస్తుంది. అయితే ఆ డబ్బు గడువు పెట్టి కేటాయించేది. 2017 సెప్టెంబరు 30న గడువు తీరింది. వాళ్ల కాంగ్రెస్ కొత్త కేటాయింపు చేయడానికి 2018 జనవరి 22 దాకా పట్టింది. అన్నాళ్లూ రాష్ట్రాలు మిగులు డబ్బుతో నెట్టుకొచ్చాయి. పిల్లలను ఎవరూ కాదనలేదు, కానీ బడ్జెట్ బేరాల్లో వాళ్ల పద్దే వేలాడింది.

మన దగ్గర వేలాడే తీరు వేరు. 2025లో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ బకాయిలు చెల్లించలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపాయి. అలాంటప్పుడు ముందు ఆగేది తేదీ ఇచ్చిన ఆపరేషన్లే. పిల్లల గుండె రంధ్రాలు, వినికిడి పరికరాలు, వంకర కాళ్లు, అన్నీ తేదీ ఇచ్చి చేసేవే. పెద్దవాడి గుండెపోటును వాయిదా వేయలేరు, పిల్ల గుండె రంధ్రాన్ని వేయగలరు. అందుకే పిల్లలకు వేరే కార్డు కావాలని నేను అనను. ఇంకో కార్డు అంటే ఇంకో సర్వర్, ఇంకో ఏజెంటు. ఉన్న పథకంలోనే పిల్లల చికిత్సల బిల్లులకు వేరే పద్దు ఉండాలి, బకాయిల వరసలో వాళ్లవి ముందు తీరాలి. రెండోది, చేరిక అవసరం లేని వైద్యానికి దారిఖర్చు, కూలి నష్టం ఆ పద్దులోంచే ఇవ్వాలి. కొత్త ఆలోచనేమీ కాదు. తీవ్ర పోషకాహార లోపం ఉన్న బిడ్డతో పునరావాస కేంద్రంలో ఉండే తల్లికి రోజు భృతి ఇప్పటికే ఇస్తున్నారు. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఏడాదిలోపు జబ్బు బిడ్డకు ప్రభుత్వాసుపత్రిలో వైద్యం, రానుపోను వాహనం ఉచితం. అదే సూత్రాన్ని పిండికట్టు బిడ్డకు, కొడవలి కణాల బిడ్డకు వర్తింపజేయడానికి చట్టం అక్కర్లేదు, ఉత్తర్వు చాలు. పర్లాకిమిడి నుంచి దగ్గరి పెద్ద ఊరు శ్రీకాకుళమే తప్ప బరంపురం కాదు కాబట్టి, ఆ దారిఖర్చు రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోకూడదు కూడా. 1936లో గీసిన గీత మన చుట్టరికాలను ఆపలేదు, బిల్లులను మాత్రం ఆపుతోంది.

మీ సొంత పిల్లల గురించి. ప్రైవేటు పాలసీ కొనే ముందు మీ బడి యాజమాన్యాన్ని ఒక మాట అడగండి: ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కడుతున్నారా? నెల జీతం 21,000 లోపు ఉండి, సంస్థ దాని పరిధిలోకి వస్తే మీ జీతంలోంచి 0.75 శాతం, యాజమాన్యం 3.25 శాతం కట్టాలి. చాలా రాష్ట్రాల్లో ప్రైవేటు విద్యాసంస్థలను ఈఎస్ఐలోకి తెచ్చారు. భార్యాపిల్లలకు కూడా వర్తిస్తుంది, ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే వైద్యం, మందులు కూడా అందులో ఉంటాయి. మీ జీతంతో కొనగలిగే ఏ ప్రైవేటు పాలసీ అంత ఇవ్వదు. ఈఎస్ఐ కుదరకపోతే కుటుంబ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. ముందే ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలం మూడేళ్లకు మించకూడదు. ఏజెంటు ఎక్కువ చెబితే 2024లో వచ్చిన నిబంధన చూపించమనండి. పుట్టుకతో వచ్చిన లోపాల గురించి పాలసీ కాగితంలో ఏం రాసి ఉందో మీరే చదవండి. పిల్లల పాలసీల్లో గొడవంతా అక్కడే వస్తుంది.

పాప ఎకో రిపోర్టు చేతికి రాగానే రంధ్రం ఎక్కడ, ఎంత కొలత, పాప బరువు ఎంత అన్న మూడూ ఇక్కడ రాయండి. పాప పేరు, ఊరి పేరు, కార్డు నంబరు మాత్రం రాయవద్దు. విశాఖలో అడగాలా, రాయ్‌పూర్‌కు పంపాలా, బరంపురం ఎంకేసీజీ ప్రభుత్వాసుపత్రిలోనే ముందు చూపించాలా అన్నది అవి చూశాక మాట్లాడుకుందాం. ఈలోగా రేషన్ కార్డు పని ఆపవద్దు, దానికే ఎక్కువ రోజులు పడుతుంది.